ఇల్లు విడిచినవాళ్ళ దిబ్బ

ఖణేల్.

పలుగు ఆగింది. గోతి అడుగున ఉన్న కూలీ చెయ్యి కూడా ఆగింది. ఇటుక మీద పలుగు పడితే వచ్చే మొద్దు చప్పుడు వాడికి బాగా తెలుసు. పొద్దుట్నుంచీ చెవుల్లో అదే మోత. ఈ చప్పుడు వేరు.

"మేస్త్రీగారూ, రాయి తగిలింది."

"ఇటికెల దిబ్బలో రాయేందిరా?"

వాడు జవాబు చెప్పలేదు. మోకాళ్ళ మీద కూలబడి అరచేత్తో దుమ్ము తుడిచాడు. నల్లగా ఉంది. నున్నగా ఉంది. పైన ఎండ మాడ్చేస్తోంది, వీపు మీద చెమట కాలవలు కడుతోంది, రాయి మాత్రం బావిలోంచి అప్పుడే తీసినట్టు చల్లగా తగిలింది. తుడిచినకొద్దీ అంచు వంపు తిరుగుతోంది. గుండ్రం. ఎవరో కూర్చుని చెక్కిన గుండ్రం.

గట్టు మీద గొడుగు నీడ కదిలింది. తవ్వకం చేయిస్తున్న అలెగ్జాండర్ రీ దొర గోతిలోకి వంగి చూశాడు.

అది 1892. కృష్ణా జిల్లా, భట్టిప్రోలు. నిజాంపట్నం సముద్రం మీద పుట్టిన గాలి ఉప్పు కయ్యలు దాటి, తాటితోపుల్లో గలగలలాడి, కాలవ నీళ్ళని ముడతలు పెట్టి, వరిమళ్ళ మీదుగా పాతిక కిలోమీటర్లు నడిచొచ్చి, ఊరి పక్కన ఈ దిబ్బకి కొట్టుకుని, ఎర్రటి ఇటుక దుమ్ము లేపి గట్టున చేరిన జనం కళ్ళల్లో కొడుతోంది. కళ్ళు నులుముకుంటున్నారు. ఒక్కరూ కదలడం లేదు. మద్రాసు నుంచి దొర పని లేక వస్తాడా? దిబ్బలో నిధి ఉండే ఉంటుంది.

నిధి ఉన్నమాట నిజమే. ఎవరిదో చెబితే మాత్రం నమ్మరు. బంగారం చేత్తో ముట్టమని ఒట్టు పెట్టుకున్న సన్నాసుల దగ్గర దాచిన నిధి అది. ఇంతకీ ఆ సన్నాసులు బతికిన చోటుని ఊరు పిలిచే పేరేమిటో తెలుసా?

లంజదిబ్బ.

ఊళ్ళో అలాగే అనేవారు. సర్కారు కాగితాల్లోకి కూడా అదే పేరు ఎక్కింది. పక్కనే చిన్న లంజదిబ్బ. ఇంకాస్త అవతల విక్రమార్క కోటదిబ్బ. కృష్ణకి అటుగట్టున ఘంటసాలలో ఉన్న దిబ్బదీ ఇదే పేరు. ఆడదాని వైపు కన్నెత్తి చూడకూడదని నియమం పెట్టుకున్నవాళ్ళు తిరిగిన నేలకి ఈ పేరు అంటించినవాడెవడో గానీ, గట్టి పగే తీర్చుకున్నాడు. జనం మాత్రం అర్థం పట్టించుకోకుండా వాడేసేవారు. గొడ్ల కాపరులకి అదో ఎత్తైన జాగా, అంతే.

గండం రీ కన్నా ముందే వచ్చింది. ఇది పాతకాలపు కట్టడమని 1870లో బాస్వెల్ అనే సివిల్ అధికారి సర్కారుకి రాశాడు. రాసింది ఫైల్లో ఉంది. దిబ్బ మాత్రం బండ్లకెక్కింది. ఆ రోజుల్లో డెల్టాలో కాలవలు తవ్వుతున్నారు, రోడ్లు వేస్తున్నారు, నల్లరేగడిలో గులకరాయి కూడా దొరకదు. మూరెడు పొడుగు కాల్చిన ఇటుకలు కొండలా పోగై ఉంటే పబ్లిక్ వర్క్స్ వాళ్ళు ఊరుకుంటారా? ఇటుకలు పగిలి రోడ్డు కింద నలిగాయి. పాలరాతి పలకలు వెల్లటూరు తూముకి వెళ్ళాయి. ధర్మచక్రాలతో దండాలు పెట్టించుకున్న రాయి కాలవ నీళ్ళకి అడ్డం పడుకుంది.

రీ వచ్చేటప్పటికి మిగిలింది మొండెం. టేపు పట్టుకుని కొలిచాడు. అడుగు పీఠం అడ్డకొలత 148 అడుగులు. దాని మీద స్తూపపు గుమ్మటం 132 అడుగులు. ఒకప్పుడు 40 అడుగుల ఎత్తు లేచి ఉండేది. లోపల గది లేదు, ద్వారం లేదు. అంతా నిండుగా ఇటుకే. నడిమధ్యన మాత్రం జానెడు వెడల్పున నిలువునా ఓ సన్నటి బిలం. పాము కూడా ఇరుక్కునేలా ఉంది. దాని వెంటే కిందికి తవ్వించుకుంటూ దిగాడు. దాని వెంటే ఇప్పుడీ నల్లరాయి.

చుట్టూ ఇటుకలు తీశారు. రాయి రెండు ముక్కలుగా ఉంది. కింద గిన్నె, పైన మూత. మూత అంచు చుట్టూ గీతలు. దుమ్ము ఊదితే గీతలు వరుసల్లో నిలబడ్డాయి.

"అచ్చరాలు!" అన్నాడు కూలీ, అక్షరం ముక్క రానివాడు.

నలుగురు పట్టారు. మూత కదిలింది.

*

ఇంకా తెల్లారలేదు. ఈ తెల్లవారుజాము రెండువేల నూరేళ్ళ వెనకటిది.

ఊరు అదే. అప్పటి పేరు ప్రతీపాలపురం. సముద్రం ఇప్పటికన్నా దగ్గర. తేమగాలికి ఉప్పువాసన. ఊరి చివర చెట్ల కింద ఒక్కొక్క ఆకారమే లేచి కూర్చుంటోంది. గుండు తలలు. మట్టిరంగు చీవరాలు. ఒక్కొక్కరి ఆస్తి ఎనిమిది వస్తువులు: మూడు గుడ్డలు, భిక్షాపాత్ర, మంగలికత్తి, సూది, మొలకట్టు, నీళ్ళు వడపోసుకునే గుడ్డ. ఈ ఎనిమిది మూటకట్టుకుంటే ప్రపంచం మొత్తం సర్దేసినట్టే.

వాళ్ళ మధ్య ఓ పిల్లాడు. కాకుల్ని తోలగలిగే వయసుంటే చాలు, శ్రమణుడి దగ్గర చేర్చుకోవచ్చునని వినయపిటకంలో ఉంది. తిండి మీద వాలిన కాకిని "హుష్" అనగలిగితే సన్నాసానికి అర్హుడే. ఇలాంటి పిల్లల్ని శ్రమణుద్దేశులు అనేవారు. ఈ మాట గుర్తుంచుకోండి. దీన్ని మళ్ళీ స్ఫటికం మీద చూస్తాం.

పిల్లాడు చలికి వణుకుతున్నాడు. పాత్ర వాడి పొట్టకన్నా పెద్దది. ముందు పెద్ద భిక్షువు, వెనక వాడు. గట్టు దిగి ఊళ్ళోకి నడిచారు. కుక్క మొరిగి ఊరుకుంది. పొయ్యిలోంచి మొదటి పొగ లేస్తోంది. భిక్షువు పిలవడు, అడగడు, పాడడు. గుమ్మం ముందు నిలబడతాడు. పెడితే పుచ్చుకుంటాడు. లేకపోతే కదులుతాడు. ఒక గుమ్మం. రెండో గుమ్మం. మూడో గుమ్మం దగ్గర పిల్లాడి అడుగు తడబడింది.

అది వాడి ఇల్లు.

తల్లి గంజి కుండతో బయటికొచ్చింది. చూసింది. ఒక్క క్షణం కుండ ఒరిగింది. వాణ్ణి పంపించింది తనే. తల్లిదండ్రులు సరేననకుండా పిల్లల్ని చేర్చుకోకూడదు. ఆ నియమం వెనక ఓ తాత కన్నీళ్ళున్నాయి. కొడుకు సిద్ధార్థుడు వెళ్ళిపోయాడు, ఇంకో కొడుకు నందుడు వెళ్ళిపోయాడు, ఆఖరికి ఏడేళ్ళ మనవడు రాహులుణ్ణి కూడా గుండు గీయించి తీసుకెళ్ళిపోతే, శుద్ధోదనుడు బుద్ధుడి దగ్గరికే వచ్చి మొరపెట్టుకున్నాడు. ఇకనుంచి ఏ ఇంటిబిడ్డనైనా అమ్మానాన్నల్ని అడక్కుండా తీసుకోవద్దన్నాడు. బుద్ధుడు కాదనలేదు. లోకాన్ని విడవాలంటే ముందు లోకం దగ్గర సెలవు తీసుకోవాలన్నమాట.

ఆమె గంజి పోసింది. పిల్లాడు తల ఎత్తలేదు. పాత్ర నిండింది. అయినా ఆమె పోస్తూనే ఉంది.

ఏకాంతం అంటే అడవిలో పోయి దాక్కోవడం అనుకుంటాం. అలాంటివాళ్ళూ మన గడ్డ మీదే ఉన్నారు. గోదావరి ఒడ్డున బావరి అనే ముసలి తాపసి కథ సుత్తనిపాతంలో ఉంది. ఏరుకున్న గింజలూ పండ్లూ తిని బతికేవాడు. ఉత్తరాదిన బుద్ధుడొకడు తిరుగుతున్నాడని తెలిసి పదహారుమంది శిష్యుల్ని కాలినడకన పంపాడు. ఆ శిష్యులు చేరిన సంఘంలో గింజలు ఏరుకోవడం కూడా చెల్లదు. భిక్షువు వండుకోకూడదు. రేపటికి దాచుకోకూడదు. పచ్చటి ఆకు తుంచకూడదు. మధ్యాహ్నం దాటితే తినకూడదు. మట్టి తవ్వకూడదు. బంగారం, వెండి ముట్టకూడదు. ఇన్ని కూడదులు కలిపి చూస్తే తేలేదొకటే: రోజూ పొద్దున్నే ఊళ్ళోకి వచ్చి తీరాలి. మొండిగా తప్పుకుపోదామన్నా కుదరనివ్వని సన్నాసం అది. చాలా తెలివైన ఏర్పాటు.

ఎండెక్కింది. గుండుతలలు చెట్ల నీడకి వెళ్ళిపోయాయి. ఊళ్ళో వేరే సందడి మొదలైంది. వ్యాపారుల గోష్ఠి కూడింది. రాజు కూడా వచ్చాడు. అందరి చూపూ ఒక్కచోటే నిలిచింది. గుడ్డ మీద పెట్టిన చిన్న ఎముక ముక్క మీద.

*

మూత పక్కన పెట్టారు.

గట్టు మీద జనం ఒక్కసారిగా ముందుకి తోసుకొచ్చారు. మట్టి పెళ్ళలు గోతిలోకి జారాయి. మేస్త్రీ కేకలేశాడు.

"ఎనక్కి! ఎనక్కి తగ్గండయ్యా! పడితే మాది పూచీ కాదు!"

లోపల వెలుగు పడగానే ఏదో తళుక్కుమంది. స్ఫటికం. నీళ్ళంత తేటగా ఉన్న భరిణె. దాని చుట్టూ బంగారు రేకుతో కత్తిరించిన పూలు. ముత్యాలు. పగడాలు. ఊదారంగు పూసలు. త్రిరత్న గుర్తులు. ఊదితే ఎగిరిపోయేంత పల్చటి రేకు పువ్వు రెండువేల ఏళ్ళు ఇటుకల కింద ఉండి ఒక్క రెక్క రాలకుండా బయటికొచ్చింది.

"బంగారమేరా!" అని ఎవరో అరిచారు. ఆ మాట గట్టు మీంచి ఊళ్ళోకి పరిగెత్తింది. బావి దగ్గర చేదలు ఆగిపోయాయి.

భరిణె తెరిచారు. అందులో ఎముక ముక్క.

అంతే. ఒక చిన్న ఎముక.

ముందు నిలబడ్డవాళ్ళు రెండడుగులు వెనక్కి వేశారు. మైల. కొందరు లేచి ఇంటికెళ్ళి స్నానం చేసి ఉంటారు కూడా. కానీ గోతిలో పని ఆగలేదు. బిలం ఇంకా కిందికి పోతోంది. పలుగు మళ్ళీ లేచింది. ఇటుక, ఇటుక, ఇటుక. సాయంత్రం గాలి తిరిగింది. ఎర్రదుమ్ములో అందరి మొహాలూ ఒకేలా ఉన్నాయి. కూలీ పలుగు దించాడు.

ఖణేల్.

రెండో పెట్టె. దాని కింద మూడోది. ఒకచోట 24 వెండి నాణేలు స్వస్తిక ఆకారంలో పేర్చి ఉన్నాయి. పేర్చినవాడు నిన్ననే చెయ్యి తీసేసి లేచి వెళ్ళినట్టు, ఒక్క నాణెమూ పక్కకి జరగలేదు. మూడు పెట్టెల మీదా రాతలే. మూత మీద, అంచు మీద, గుండ్రంగా తిరుగుతూ. ఇంకో చోట ఆరు పలకల స్ఫటికం. దాని మీద సూదితో గీసినట్టు సన్నటి అక్షరాలు.

రీ వాటి వైపు చూస్తూ ఉండిపోయాడు. కొన్ని అశోకుడి శాసనాల్లో అక్షరాల్లా ఉన్నాయి. కొన్ని లేవు. ఒక అక్షరం అయితే తలకిందులుగా నిలబడి ఉంది.

*

వియన్నా. గ్యోర్గ్ బ్యూలర్ బల్ల మీద అచ్చులు పరుచుకున్నాయి. తడి కాగితం రాతికి అద్ది తీసిన నకళ్ళు.

బ్యూలర్‌కి భారతదేశం కొత్త కాదు. బొంబాయిలో ఏళ్ళ తరబడి పనిచేసి వెళ్ళినవాడు. బ్రాహ్మీ లిపి ఆయనకి కొట్టిన పిండి. అలాంటివాడికే భట్టిప్రోలు అక్షరాలు చిక్కు పెట్టాయి. మకారం బోర్లాపడి ఉంది. ఇంకొన్ని అక్షరాల రూపమే వేరు. గుణింతం లెక్కా తేడా. అశోకుడి రాతలో దీర్ఘానికి పెట్టే గీత ఇక్కడ మామూలు అకారానికే పెట్టారు. ఒక్కో గీతా విప్పుకుంటూ వెళ్ళాడు. మన తెలుగు లిపి పుట్టుక గురించి మాట వచ్చినప్పుడల్లా పండితులు ఈ పెట్టెల పేరెత్తేది అందుకే.

మొదటి పెట్టె మాట్లాడింది. కురుడి తండ్రి, కురుడి తల్లి, కురుడు, శివుడు. ఈ నలుగురూ కలిసి చేయించిన మంజూష, స్ఫటికపు భరిణె. ఎందుకు? బ్యూలర్ వేలు రాత వెంట నడిచింది. బుధ సరీరాణం. బుద్ధుడి శరీరధాతువుల్ని ఉంచడానికి.

గోతి దగ్గర జనం మైల అని వెనక్కి తగ్గింది ఎవరి ఎముక చూసి?

రాజు పేరు మూడో పెట్టె మీద దొరికింది. కుబీరకుడు. ఏ పురాణంలోనూ లేని రాజు, ఈ రాతి మీద తప్ప ఇంకెక్కడా ఆనవాలు లేని రాజు. చిత్రమేమిటంటే, రాతి మీద ఆయన గొప్పలేవీ లేవు. యుద్ధాలు లేవు, బిరుదులు లేవు. సింహగోష్ఠికి పెద్ద అని మాత్రం ఉంది. ఒక సంఘానికి అధ్యక్షుడు, అంతే. ఆయనతోపాటు పెట్టెల మీద గోష్ఠుల వాళ్ళ, నిగమం (వర్తకుల సంఘం) వాళ్ళ పేర్లు బారులు తీరాయి. తిస. జేత. వరుణ. పింగళక. ఇప్పటి గుడి గోడ మీద చందాదారుల పేర్లు చెక్కినట్టు. అక్కడో పేరు దగ్గర ఆగాలి మనం.

సమణదాస. శ్రమణదాసుడు.

ఊళ్ళో ఉండి బేరసారాలు చేసుకునేవాడికి పుట్టగానే తల్లిదండ్రులు పెట్టిన పేరది. సన్నాసుల దాసుడు. ఇల్లు విడిచినవాళ్ళు ఊరికి ఎంత దగ్గరివాళ్ళో చెప్పడానికి ఇంకో సాక్ష్యం అక్కర్లేదు.

ఇక ఆరు పలకల స్ఫటికం. బ్యూలర్ కాగితాన్ని వెలుగుకి జరిపి చదివి ఉంటాడు. నందపురం ఆడవాళ్ళు. ఆ తర్వాత ఇంకో మాట. సమణుదేస.

శ్రమణుద్దేశులు. కాకుల్ని తోలే పిల్లలు.

*

గోష్ఠి లేచింది. ఎముకని స్ఫటికంలో పెట్టారు.

బుద్ధుడు పోయే ముందు శిష్యుడు ఆనందుడు ఓ ప్రశ్న అడిగాడు, తమరి శరీరాన్ని ఏం చెయ్యమంటారని. దానితో మీకు పనిలేదన్నాడు బుద్ధుడు. మీరు మీ సాధన చూసుకోండి, ఆ సంగతి గృహస్థులు చూసుకుంటారన్నాడు. పరినిర్వాణ కథలో ఉంది ఇది. చూసుకున్నారు కూడా. చితి ఆరగానే ఏడు రాజ్యాలవాళ్ళు ఎముకల కోసం కత్తులు దూసేదాకా వెళ్ళారు. ద్రోణుడనే బ్రాహ్మణుడు మధ్యలో పడి ఎనిమిది వాటాలు వేశాడు. ఆ ఎనిమిదింట్లో ఏడింటిని తవ్వించి అశోకుడు దేశమంతా పంచాడని బౌద్ధుల నమ్మకం. సింహాసనం వద్దని అర్ధరాత్రి గోడ దాటిన మనిషి ఎముక కోసం సింహాసనాలు కొట్టుకున్నాయి.

ప్రతీపాలపురం తన వంతుకొచ్చిన ముక్కని మోసుకొచ్చింది. తవ్వినచోట ఇటుకలు లేస్తున్నాయి. మట్టి తవ్వకూడదు కాబట్టి భిక్షువులు దూరంగా నిలబడ్డారు. పార పట్టింది ఊరివాళ్ళు. తట్టలు మోసింది ఊరివాళ్ళు. కురుడి తల్లి ముందుకొచ్చింది. కొడుకు పేరుతో తప్ప ఆమెకి ఆ రాతి మీద వేరే పేరు లేదు. నందపురం నుంచి ఆడవాళ్ళు వచ్చారు. మెడలోంచి, చెవుల్లోంచి, కొంగుముడిలోంచి తీసి వేస్తున్నారు. పగడం. ముత్యం. పూస. టక్, టక్, టక్. రాతిగిన్నెలో పడుతున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఎవరో వంగి వెండి నాణేలు ఒక్కొక్కటే పేరుస్తున్నారు. ఒకటి పక్కకి జరిగితే మళ్ళీ సర్దారు.

భిక్షువుల వరుసలో చిన్నగుండ్లు కనిపిస్తున్నాయి. వాళ్ళ పేరూ స్ఫటికం మీదకి ఎక్కింది. చేతిలో చిల్లిగవ్వ ఉండకూడని పిల్లలు దాతల జాబితాలో చేరారు. ఊరు వాళ్ళనీ వదల్లేదు.

మూత పడింది. ఇటుక మీద ఇటుక పడింది. బంగారు పూలు చీకట్లోకి వెళ్ళిపోయాయి.

ఆ తర్వాత ఊరు మర్చిపోవడం మొదలుపెట్టింది.

అది ఒక్కరోజులో జరిగేది కాదు. కృష్ణ ఒండ్రు తెచ్చి పోసింది. సముద్రం వెనక్కి జరిగింది. చందవోలులో వెలనాటి చోళులు రాజధాని పెట్టుకున్నారు, వెళ్ళిపోయారు. శివుడి గుళ్ళు, విష్ణువు గుళ్ళు లేచాయి. గుమ్మాల ముందు పాత్రలు నిలబడటం మానేశాయి. మనం నిజాంపట్నం అంటున్న పెద్దపల్లి రేవుకి 1611లో ఇంగ్లీషు కంపెనీ ఓడ 'గ్లోబ్' వచ్చి లంగరు వేసింది. దిగినవాళ్ళకి కావలసింది గుడ్డలు, అద్దకాలు, అద్దకపు చాయవేరు. అక్కడికి ఒక పూట నడక దూరంలో ఎవరిదో ఎముక చుట్టూ బంగారు పూలున్నాయని వాళ్ళకి తెలియదు. ఊరివాళ్ళకీ తెలియదు. అప్పటికే అదో దిబ్బ. గొడ్లు మేస్తున్నాయి.

*

పెట్టెలు మద్రాసు చేరాయి. ఎగ్మూరు మ్యూజియం. అద్దం వెనక చీటీ తగిలించారు. ఎముకా అక్కడికే చేరింది. జనం వచ్చారు, చూశారు, పోయారు. కాపలావాడు రాత్రి దీపం ఆర్పేసేవాడు.

రీ దొర భట్టిప్రోలులో మట్టి తవ్విస్తున్న ఆ 1892లోనే, సింహళం నుంచి వచ్చిన ఓ యువకుడు కలకత్తాలో చిన్న ఆఫీసు తెరిచాడు. వయసు ముప్పై కూడా నిండలేదు. కొలంబోలో కలిగిన వర్తకుడి కొడుకు. తల్లిదండ్రులు పెట్టిన పేరు డాన్ డేవిడ్ హేవవితారణ. అది వదిలేసి తనే ఓ పేరు పెట్టుకున్నాడు. అనగారిక ధర్మపాలుడు. అగారం అంటే ఇల్లు. అనగారికుడంటే ఇల్లు లేనివాడు.

బుద్ధగయలో బుద్ధుడికి దిక్కు లేదని ఆయన ఏడ్చాడు, తిరిగాడు, కోర్టులకెక్కాడు. మహాబోధి సొసైటీ పెట్టాడు. కలకత్తా నడిబొడ్డున విహారం కట్టాలని డబ్బు పోగేశాడు. అందులో ఏం పెట్టాలి? మద్రాసు మ్యూజియం అద్దాల వెనక ఓ ఎముక ఉంది. దాని ముందు ఇరవై ఎనిమిదేళ్ళుగా ఒక్క దీపం వెలగలేదు.

1920 నవంబరు 26. కలకత్తా గవర్నమెంట్ హౌస్. బెంగాల్ గవర్నర్ లార్డ్ రొనాల్డ్‌షే చేతుల్లో భరిణె. ఎదురుగా సర్ అశుతోష్ ముఖర్జీ. హైకోర్టు జడ్జి, మీసాల మహామనిషి, ఆ రోజు ఆయన పని రెండు చేతులూ చాచి అందుకోవడం. అందుకున్నాడు. ఊరేగింపు కదిలింది. చలికాలపు పలుచటి ఎండలో ట్రాములు, జట్కాలు, కాలేజీ కుర్రాళ్ళు, పసుపు చీవరాలు, శంఖాల మోత అన్నీ కలగాపులగమైన ఆ వీధుల వెంట, రోడ్డుకి ఇటుకలిచ్చి, కాలవకి పాలరాయిచ్చి, పేరుకి బూతు మిగుల్చుకున్న ఓ కృష్ణా డెల్టా దిబ్బలోంచి లేచిన ఆ చిన్న ఎముక కాలేజ్ స్క్వేర్ దాకా వెళ్ళింది. ధర్మరాజిక విహారం తలుపులు తెరుచుకున్నాయి.

అనగారికుడు అప్పటికి ఇంకా భిక్షువు కాలేదు. ఇల్లు విడిచిన గృహస్థు, అటూ ఇటూ కాని మనిషి. సన్నాసం తీసుకున్నది 1931లో. 1933 ఏప్రిల్‌లో సారనాథ్‌లో కన్నుమూశాడు.

బ్యూలర్ అంతకు చాలా ముందే పోయాడు. 1898లో స్విస్ సరిహద్దున బోడెన్ సరస్సు మీద పడవలో ఒంటరిగా వెళ్ళినవాడు తిరిగిరాలేదు.

ఆ ఎముక ఇప్పటికీ కోల్‌కతా కాలేజ్ స్క్వేర్ పక్కన ధర్మరాజిక విహారంలోనే ఉంది. కురుడి పెట్టె, రాజు కుబీరకుడి పెట్టె చెన్నై ఎగ్మూరులో ఉన్నాయి. దిబ్బ మాత్రం ఉన్నచోటే ఉంది. పురావస్తుశాఖ కంచె వేసి, ఇటుకలు సర్ది, 'మహాస్తూపం' అని బోర్డు పెట్టింది. తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే రైలు భట్టిప్రోలులో ఆగుతుంది. దిగి మహాస్తూపం ఎక్కడని అడగండి. కుర్రాళ్ళు దారి చూపిస్తారు. పెద్దవాళ్ళు ఒక్క క్షణం ఆలోచించి, గొంతు తగ్గించి, పాత పేరే చెబుతారు.